సెమిస్టర్ చివరి నెల

రెండో మిడ్ దగ్గరపడింది. ల్యాబ్ రికార్డులో ఇంకా నాలుగు ప్రయోగాలు ఎక్కించాలి, ఎక్కించినవాటిలో రెండింటికి మేడమ్ సంతకం లేదు. మినీ ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించి బైండింగుకి ఇవ్వాలి. పరీక్ష ఫీజు గడువు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చింది, ఇప్పుడు వెతికితే కనపడదు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో ఐదు యూనిట్లు, మొత్తం పాతిక. సగం యూనిట్లు క్లాసులో విన్నట్టే ఉంది గానీ ఏం విన్నామో గుర్తు లేదు. పుస్తకం తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. మూసేస్తే గుండెల్లో గుబులు. మన ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఏడాదికి రెండుసార్లు లక్షలమంది పిల్లలు ఈ స్థితికి వస్తారు.

ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. పిల్లలు కూడా తమ గురించి అదే అనుకుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. బద్ధకస్తుడికి గుబులు ఉండదు. రాత్రి రెండింటిదాకా ఫోను పట్టుకుని కూర్చున్న కుర్రాడు హాయిగా ఏమీ లేడు, పుస్తకం వైపు చూడటానికి భయపడుతున్నాడు. ఆ భయానికి ఎక్కువసార్లు కారణం ఒకటే. పని ఎంత ఉందో అతనికి తెలీదు. తెలియని పని ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఈ నెలలో మొదట చేయాల్సింది చదవడం కాదు, లెక్క తీయడం. ఉత్సాహం వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఆ ఉత్సాహం రాదు. ఒక పని పూర్తయి, దాని మీద గీత కొట్టాక అది వస్తుంది.

పెళ్లి పెట్టుకున్న ఇంట్లో పెద్దాయన మొదట సరుకుల చీటీ రాయిస్తాడు. చీటీ రాసినంత మాత్రాన ఒక్క బియ్యపు గింజ కూడా ఇంటికి రాదు, అయినా ఆ పూట నుంచి ఇంట్లో కంగారు సగం తగ్గుతుంది. సెమిస్టర్ చివర్లో కావాల్సింది అలాంటి చీటీయే. ఫోన్లో యాప్ అక్కర్లేదు. ఒక పెద్ద తెల్లకాగితం తీసుకుని, తలలో ఉన్నదంతా ఏ వరసా లేకుండా దాని మీద పెట్టాలి. రాయాల్సిన రికార్డులు, కట్టాల్సిన ఫీజులు, లైబ్రరీకి తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు, అసైన్‌మెంట్లు, సబ్జెక్టులు, యూనిట్లు. ఆ తర్వాత ఒక్కో పనికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది తప్పితే మళ్లీ సరిచేసుకునే దారి ఉందా?

దారి లేనివి ముందు. ఇది మన పిల్లలు తరచూ తలకిందులుగా చేసే పని. సబ్జెక్టు తప్పితే సప్లిమెంటరీ ఉంది. హాజరు తగ్గితే సప్లిమెంటరీ లేదు. జేఎన్‌టీయూ నిబంధనల్లో పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు కావాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం లాంటి సరైన కారణం కాగితాలతో చూపించి, కాలేజీ కమిటీ ఒప్పుకుంటే, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మొత్తం మళ్లీ చదవాలి. మూడో వారంలో రెండు రోజులు, ఆరో వారంలో మూడు రోజులు ఎగ్గొట్టినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. చివరి నెలలో లెక్క బయటపడుతుంది.

ఆ లెక్క ఇలా చూడండి. ఇప్పటికి 320 పీరియడ్లు జరిగాయి, ఒక అమ్మాయి 230 వింది. అంటే 72 శాతం లోపు. ఇంకా 60 పీరియడ్లు మిగిలాయి. మొత్తం 380 అవుతాయి, అందులో 75 శాతం అంటే 285. ఆమె మిగిలిన 60లో 55 వినాలి. ఐదు పీరియడ్ల కంటే ఎక్కువ పోకూడదు. ఈ సంగతి తెలీక, పరీక్షలకి చదువుకుంటానని నాలుగు రోజులు హాస్టల్లో కూర్చుంటే, ఆ చదువంతా ఏ పరీక్షకీ పనికిరాకుండా పోవచ్చు. పది నిమిషాల లెక్క ఇది. రిజిస్టరులో మీ అంకె ఎంతో క్లాసు ప్రతినిధి అయిన సీఆర్‌నో క్లాస్ టీచర్‌నో అడగడానికి మొహమాటపడొద్దు.

రికార్డు సంతకాలూ ఈ కోవలోవే. ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌కి ముందు సంతకం పెట్టాల్సిన టీచరు సెలవులో ఉంటే, రికార్డు మొదటి పేజీలో ఇండెక్స్ ఖాళీగా ఉంటే, ఆ ఉదయం పడే యాతన పరీక్షకంటే ఎక్కువ. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవారు మొదట తెరిచేది ఆ ఇండెక్స్ పేజీనే. వరుస సంఖ్య, ప్రయోగం పేరు, తేదీ, మార్కులు, సంతకం అన్న గళ్లు నిండుగా కనిపిస్తే వైవా ఒక ధోరణిలో మొదలవుతుంది, ఖాళీగా కనిపిస్తే ఇంకో ధోరణిలో. రాత్రి చదువు ఎక్కని వేళల్లో రికార్డు రాయొచ్చు, దానికి పెద్ద ఏకాగ్రత అక్కర్లేదు. తెల్లవారుజామున మెదడు తేటగా ఉన్నప్పుడు రికార్డు కాపీ చేస్తూ కూర్చోవడం మాత్రం మంచి సమయాన్ని పారబోసుకోవడమే.

ఫీజు గడువు సంగతి పొడిగించను. తేదీ కాగితం మీద ఎర్రసిరాతో రాయండి. ఇంటి నుంచి డబ్బు రావాల్సినవాళ్లు వారం ముందే చెప్పండి. ఆలస్య రుసుము కట్టాల్సి వస్తే అది నాన్న జేబులోంచే పోతుంది.

ఇక చదువు. ఇక్కడ కూడా ముందు లెక్కే. ఏ సబ్జెక్టు ప్రమాదంలో ఉందో చాలామంది మనసుతో తేలుస్తారు. భయం వేసే సబ్జెక్టే ప్రమాదంలో ఉందనుకుంటారు. అది నిజం కానక్కర్లేదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. పాసవ్వాలంటే ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. అంతకుముందు ఆర్18లో ఇది 25, 75గా ఉండేది. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20లో 30, 70. అటానమస్ కాలేజీలకి, డిగ్రీ కాలేజీలకి అంకెలు వేరు, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే. ఆర్22లో ఒక సబ్జెక్టులో 30 ఇంటర్నల్స్ తెచ్చుకున్న విద్యార్థికి ఎక్స్‌టర్నల్‌లో 21 చాలు. 16 మాత్రమే వచ్చిన సబ్జెక్టులో 24 కావాలి. ఐదు సబ్జెక్టులకీ ఈ అంకె వేసుకుని పక్కపక్కన పెడితే, మూడు వారాలుగా నిద్ర పట్టనివ్వని మ్యాథ్స్ గట్టున పడటానికి దగ్గర్లోనే ఉందనీ, ఎవరూ పట్టించుకోని ఇంకో సబ్జెక్టు అంచున వేలాడుతోందనీ తెలియొచ్చు.

ఇది కేవలం గట్టెక్కేవాళ్ల లెక్క కాదు. మంచి గ్రేడు కావాలనుకునేవాళ్లూ తమ లక్ష్యంలోంచి ఇంటర్నల్స్ తీసేసి, ఎక్స్‌టర్నల్‌లో ఎంత రావాలో ఇలాగే వేసుకోవచ్చు. ఆ అంకె 60లో 50 దాటిన చోట ఎక్కువ గంటలు పెట్టాలి. 60కి మించిపోయిన చోట లక్ష్యాన్నే ఒక మెట్టు దించుకుని, మిగిలిన గంటలు వేరే సబ్జెక్టుకి ఇవ్వాలి. అన్ని సబ్జెక్టులకీ సమానంగా గంటలు పంచడం న్యాయంగా కనిపిస్తుంది గానీ అది లెక్క తెలియని పంపకం.

ప్రశ్నపత్రం ఎలా కడతారో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే. ఆర్22 పేపర్లో పార్ట్ ఏ పది మార్కులు, యూనిట్‌కి రెండు చొప్పున ఒక్క మార్కు ప్రశ్నలు. పార్ట్ బీ యాభై మార్కులు, యూనిట్‌కి ఒక పది మార్కుల ప్రశ్న, ఇదో అదో రాయమని రెండిస్తారు. అంటే ప్రతి యూనిట్ విలువ పన్నెండు మార్కులు. రెండు యూనిట్లు పూర్తిగా వదిలేసినవాడు పరీక్ష హాల్లోకి అడుగుపెట్టకముందే 24 పోగొట్టుకున్నాడు, మిగిలిన 36లో అతను 21 తెచ్చుకోవాలి. కానీ ప్రతి యూనిట్‌లోనూ రెండు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకునే వీలుంది కదా. కాబట్టి మూడు యూనిట్లు అక్షరం పొల్లుపోకుండా చదివి రెండు వదిలేయడం కంటే, ఐదు యూనిట్లలోనూ ముఖ్యమైన రెండు మూడు అంశాలు గట్టిగా పట్టుకోవడం మేలు. మొదటి యూనిట్ బాగా వచ్చేసి, ఐదో యూనిట్ ముఖం చూడని నోటుబుక్కులు మన కాలేజీల్లో ఎన్నో. ప్రతిసారీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం వల్ల వచ్చే చిక్కు అది. ఈసారి ఐదో యూనిట్‌తో మొదలుపెట్టి చూడండి.

డేటాబేస్ సబ్జెక్టు తీసుకుందాం. కంప్యూటర్ సైన్స్ పిల్లలకి రెండో సంవత్సరంలో వచ్చే డీబీఎంఎస్. అందులో ట్రాన్సాక్షన్ల యూనిట్ ఉంది. ఏసిడ్ లక్షణాలు, సీరియలైజబిలిటీ, తాళాలతో నడిచే ప్రొటోకాల్స్, టైమ్‌స్టాంపులు, క్రాష్ అయ్యాక రికవరీ. ఐదింటికీ వేళ లేదు. సీరియలైజబిలిటీ ఒక ఉదాహరణతో, రెండు దశల లాకింగ్, లాగ్ ఆధారిత రికవరీ, ఈ మూడూ పుస్తకం చూడకుండా రాయగలిగితే రెండు ప్రశ్నల్లో ఒకటైనా చేతికి చిక్కే అవకాశం గట్టిగా ఉంటుంది. ఏసిడ్ అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో తెలిస్తే పార్ట్ ఏకి పనికొస్తుంది. ఏది ముఖ్యమో గేటు బయట జెరాక్స్ షాపులో దొరికే పాత ప్రశ్నపత్రాలు చెప్తాయి. గత నాలుగైదు పేపర్లు ముందు పెట్టుకుని, యూనిట్ల వారీగా ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెడితే అరగంటలో తేలిపోతుంది. ఇంకొకరు పంపిన ఇంపార్టెంట్ కొశ్చన్స్ కంటే మీ చేత్తో పెట్టిన ఆ గీతలే నమ్మకమైనవి. ఎందుకంటే ఆ అరగంటలోనే సిలబస్ మొత్తం ఒకసారి మీ కళ్ల ముందు తిరుగుతుంది.

ఎలా చదవాలన్నది అన్నిటికంటే ముఖ్యం, మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. మనకి చదవడం అంటే పుస్తకం ముందు పెట్టుకుని చూస్తూ పోవడం. రెండోసారి చూసినప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. హైలైటర్ గీతలు నిండిన పేజీ చూస్తే బోలెడు వచ్చినట్టు ధైర్యం. ఆ ధైర్యాన్ని నమ్మొద్దు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొంతమంది విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొంతమంది ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్లకి 40 శాతం గుర్తుంది, చూడకుండా రాసుకున్నవాళ్లకి 61 శాతం గుర్తుంది. నాలుగుసార్లు చదివినవాళ్లే తమకి బాగా గుర్తుంటుందని ముందుగా నమ్మడం ఇందులో ఇంకా గమనించాల్సిన విషయం. అంటే, బాగా వచ్చిందన్న మన అనుభూతే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

కాబట్టి ఒక యూనిట్ ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసేయాలి. తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా ఇరవై నిమిషాలు రాయాలి. మొదటిసారి అరపేజీ కూడా రాదు, చాలా చిరాకు వేస్తుంది. ఆ చిరాకు దగ్గర చాలామంది ఆగిపోయి మళ్లీ పుస్తకం తెరుస్తారు. ఆగకండి. జ్ఞాపకం కోసం వెతుక్కునే ఆ శ్రమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. తర్వాత పుస్తకం తెరిచి, ఏం వదిలేశామో వేరే రంగు పెన్నుతో ఆ కాగితం మీదే రాయాలి. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర గుచ్ఛాలు కంఠతా పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీద తానే కొలుచుకుని 1885లో పుస్తకం ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా జరుగుతుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ ఆయన చూపించాడు. విడతలుగా నేర్చుకుంటే ఒకేసారి నేర్చుకున్నదానికంటే తక్కువ శ్రమ పడుతుందని కూడా అప్పుడే గుర్తించాడు. పరీక్ష ముందు రాత్రి నైట్ అవుట్ చేసి ఎక్కించుకున్నది పొద్దున పదింటికి ఎందుకు జారిపోతుందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

మన దగ్గర దీనికి తోడు భాష చిక్కు ఉంది. దీన్ని గురించి కాస్త ఆగి చెప్పాలి. పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరిన పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. విషయం అర్థమవుతుంది, ఇంగ్లీషు వాక్యం కుదరదు. దాంతో జవాబులన్నీ కంఠతా పడతారు, మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. వీళ్లు పనిని రెండుగా విడగొట్టుకోవాలి. మొదట విషయం తెలుగులో చెప్పగలగాలి, తర్వాత ఇంగ్లీషులో రాయగలగాలి.

నార్మలైజేషన్‌లో మూడో నార్మల్ ఫారం తీసుకోండి. ఒక టేబుల్లో రోల్ నంబరు, పేరు, బ్రాంచి, ఆ బ్రాంచి అధిపతి (హెచ్ఓడీ) పేరు ఉన్నాయి. ఈసీఈలో అరవైమంది ఉంటే ఆ హెచ్ఓడీ పేరు అరవైసార్లు రాసి ఉంటుంది. హెచ్ఓడీ మారితే అరవై చోట్లా మార్చాలి, ఒక్కచోట మరిచిపోతే ఒకే బ్రాంచికి ఇద్దరు హెచ్ఓడీలు కనిపిస్తారు. ఎందుకొచ్చింది ఈ ఇబ్బంది? రోల్ నంబరు బ్రాంచిని చెప్తోంది, బ్రాంచి హెచ్ఓడీని చెప్తోంది. హెచ్ఓడీ నేరుగా రోల్ నంబరు మీద ఆధారపడలేదు, మధ్యలో బ్రాంచి ఉంది. దీన్నే ట్రాన్సిటివ్ డిపెండెన్సీ అంటారు. బ్రాంచిని ఇక్కడే ఉంచి, బ్రాంచి, హెచ్ఓడీ జతని వేరే టేబుల్లో పెట్టి, హెచ్ఓడీని ఇక్కడ్నుంచి తీసేస్తే సరి. ఇంతవరకూ పక్క బెంచీ స్నేహితుడికి తెలుగులో గడగడా చెప్పగలిగితే విషయం వచ్చేసినట్టే. ఇక ఇంగ్లీషులో కావాల్సింది నిర్వచనం ఒక వాక్యం, రెండు టేబుళ్లు, ఇబ్బంది చెప్పే వాక్యం, పరిష్కారం చెప్పే వాక్యం. ఈ నాలుగైదు వాక్యాలనే చేత్తో రెండు మూడుసార్లు రాసి అలవాటు చేసుకోవాలి. టేబుల్, బొమ్మ, బాణం గుర్తు వాక్యాల భారాన్ని సగం మోస్తాయి. పేజీలకి పేజీలు కంఠతా పట్టడంతో పోలిస్తే ఇది తేలిక, పైగా ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న అడిగినప్పుడు కూడా పనికొస్తుంది.

కలిసి చదవడం ఇలాంటి పనికి బాగా నప్పుతుంది. నలుగురు కూర్చుని నాలుగు పుస్తకాలు చూస్తుంటే అది కలిసి చదవడం కాదు. ఒకరు చెప్తుంటే ఇద్దరు అడ్డుప్రశ్నలు వేయాలి. కాలేజీ బస్సులో రోజూ గంటన్నర ప్రయాణించే పిల్లలకి ఆ సమయం పార్ట్ ఏ ప్రశ్నలకి సరిగ్గా సరిపోతుంది. ఒకరు అడుగుతుంటే ఒకరు చెప్పడం, అంతే.

ఇప్పుడు క్యాలెండరు వేయాలి, ఇక్కడ ఒక హెచ్చరిక. మనం వేసే అంచనాలు దాదాపు ఎప్పుడూ తక్కువే. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 49 రోజులన్నారు. నిజానికి పట్టింది 55 రోజుల పైన. 1994లో అచ్చయిన ఈ అధ్యయనంలో అన్నిటికంటే జాగ్రత్తగా వేసిన అంచనా కూడా సరిపోలేదన్నమాట. కాబట్టి ఒక యూనిట్‌కి నాలుగు గంటలు అనిపిస్తే ఆరు రాసుకోండి. వారంలో ఒక పూట పూర్తిగా ఖాళీగా వదలండి. జ్వరం వస్తుంది, ఇంట్లో శుభకార్యం ఉంటుంది, కరెంటు పోతుంది, వైవా తేదీ మారుతుంది. ఆ ఖాళీ పూట వీటన్నిటికీ. అది లేని టైంటేబుల్ మూడో రోజుకే తప్పిపోతుంది. తప్పిపోయిన టైంటేబుల్ని గోడ మీద చూస్తూ ఉండటం కంటే నిరుత్సాహం ఇంకోటి లేదు.

రోజుకి మూడు పనుల కంటే ఎక్కువ రాయొద్దు. రాసేటప్పుడు కూడా డీబీఎంఎస్ చదవాలి అని రాయొద్దు. రేపు టిఫిన్ అయ్యాక లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ట్రాన్సాక్షన్ల యూనిట్ చదివి, పదకొండింటికి పుస్తకం మూసి రాస్తాను అని రాయండి. ఈ తేడా చాలా పెద్దది. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ తన సహ పరిశోధకురాలితో కలిసి విద్యార్థులకి ఒక పని అప్పగించాడు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపాలి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందుగా తేల్చుకున్నవాళ్లలో మూడింట రెండొంతులకి పైగా పంపారు. ఊరికే రాస్తామనుకున్నవాళ్లలో మూడో వంతు మాత్రమే పంపారు. 1997లో వచ్చిన అధ్యయనం ఇది. సమయం, చోటు ముందే ఖాయమైతే ఆ వేళకి మళ్లీ మనసుతో బేరం ఆడాల్సిన అవసరం ఉండదు.

ఫోను గురించి అందరూ చెప్పేదే, అయినా ఒక్క మాట. పరీక్షల ముందు క్లాసు గ్రూపులో రోజూ వచ్చే వందల మెసేజ్‌లలో పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. సీఆర్ పెట్టే తేదీలు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూసుకుంటే ఏమీ పోదు. చదివేటప్పుడు ఫోను జేబులో కాకుండా వేరే గదిలోనో, హాస్టల్ అయితే స్నేహితుడి బీరువాలోనో ఉండాలి.

ఇంత చెప్పినా చాలామంది మొదలుపెట్టలేరు. దానికి కారణం పోగొట్టుకున్న వారాల మీద బాధ. మిడ్‌కి ముందే చదివి ఉంటే, ఆ పెళ్లికి వెళ్లకుండా ఉంటే, ఆ సిరీస్ చూడకుండా ఉంటే అన్న లెక్కలు రాత్రంతా నడుస్తాయి. పుస్తకం తెరిస్తే ఆ తప్పే ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి పుస్తకమే తెరవరు. ఈ సంగతి మీద ఒట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో వోల్, పిచిల్, బెనెట్ అనేవాళ్లు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. మొదటి మిడ్‌టర్మ్‌కి చదవకుండా వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్న మొదటి సంవత్సరం విద్యార్థులు, తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. తమని తిట్టుకుంటూ ఉన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. మన ఇళ్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన నమ్మకం ఉంది. గట్టిగా తిడితే, పక్కింటి అబ్బాయితో పోలిస్తే దారికి వస్తాడనుకుంటాం. తిట్టు పుస్తకాన్ని మరింత చేదు చేస్తుంది, అంతకంటే ఏమీ చేయదు. తల్లిదండ్రులు ఈ నెలలో అడగాల్సింది ఎంత చదివావని కాదు. ఇవాళ ఏ యూనిట్ అయింది, రేపు ఏది అని అడగండి. మొదటి ప్రశ్నకి అబద్ధం చెప్పాలనిపిస్తుంది. రెండోదానికి చెప్పడానికి ఒక పేరు ఉంటుంది.

నిద్ర తగ్గించొద్దు. చదివింది కుదురుకునేది నిద్రలోనే. పడుకున్నాక రేపటి పనులు తలలో తిరుగుతూ ఉంటే లేచి కాగితం మీద రాయండి. అమెరికాలో బేలర్ యూనివర్సిటీలో 57మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనుల గురించి రాసినవాళ్ల కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. మెస్‌లో రాత్రి భోజనం మానేసి టీలతో నెట్టుకొచ్చే అలవాటూ వద్దు.

గుబులు మామూలు హద్దు దాటిందని ఎలా తెలుస్తుంది? వారం పైగా నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, బతకాలని లేదన్న మాట నోటి నుంచి రావడం. అప్పుడు టైంటేబుల్ గురించి మాట్లాడకూడదు, మనిషి పక్కన కూర్చోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ మానసిక ఆరోగ్య సర్వీసు నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. స్నేహితుడి తరఫున మీరైనా చేయొచ్చు.

ఒక సబ్జెక్టు తప్పితే ఏమవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ భయం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. జేఎన్‌టీయూ బీటెక్ ఆర్22లో 160 క్రెడిట్ల కోర్సు, ఒక సబ్జెక్టు అందులో మూడో నాలుగో. తప్పిన సబ్జెక్టు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, తెచ్చుకున్న ఇంటర్నల్స్ సాధారణంగా అలాగే ఉంటాయి. ఫలితాలు వచ్చాక రీకౌంటింగ్, రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు చేసే గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ తేదీ మాత్రం పోగొట్టుకోకూడదు.

చివరిగా, రెండు పేపర్ల మధ్య రోజు. ఒంటిగంటకి పేపరు రాసి బయటికి రాగానే గేటు దగ్గర గుంపులు గుంపులుగా జవాబులు సరిచూసుకుంటారు. అక్కడ తెలిసే తప్పుని ఇక ఎవరూ దిద్దలేరు, తర్వాతి పేపరుకి కావాల్సిన ఉత్సాహం మాత్రం అక్కడే పోతుంది. నేరుగా వెళ్లి భోంచేసి గంటసేపు పడుకోండి. లేచాక ఆ సబ్జెక్టు కాగితాలన్నీ కట్టకట్టి అటకెక్కించండి. తర్వాతి సబ్జెక్టులో ముందే రాసిపెట్టుకున్న ఐదు తెల్లకాగితాలు బయటికి తీసి, వేరే రంగు పెన్నుతో రాసినవాటిని ముందు చూడండి. మీకు ఇంకా రానివేవో అవే చెప్తాయి, ఆ సాయంత్రానికి పని వాటితోనే.